ఇంట్లో కట్టుకున్న విమానానికి గేర్ డోర్లు సరిచేసుకోవడం: జాకీల మీది నుంచి గాల్లో పరీక్ష దాకా

నేల మీద అతికినట్టు మూసుకున్న గేర్ డోర్ (ముడుచుకున్న చక్రాల గూటిని మూసే తలుపు), గాల్లోకి వెళ్లాక వేలు దూరేంత నోరు తెరిస్తే ముందు చెయ్యి పానా మీదికే పోతుంది. డోర్‌ను చక్రం కాలుకు కలిపే రాడ్‌ను రెండు చుట్లు పొట్టి చేసి, డోర్‌ను ఇంకాస్త లోపలికి లాగేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ అదే చేశాను. దాని ఖరీదు ఒక డోర్ బ్రాకెట్ (రాడ్‌ను డోర్‌కు పట్టి ఉంచే ముక్క), మూడు వారాంతాలు. ఆ కథ కింద వస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, డోర్ సరిగ్గా మూసుకోకపోతే తప్పు చాలాసార్లు డోర్‌ది కాదు. చక్రం కాలు పైకి వెళ్లి ఎక్కడ ఆగుతోందన్నది ముందు తేలాలి. అది తేలకుండా డోర్‌ను ఎంత తిప్పినా ఇవాళ సరిపోయింది రేపు తప్పుతుంది.

హోమ్‌బిల్ట్ విమానాలన్నిటికీ ఈ తలనొప్పి లేదు. అమెరికాలో బాగా ఎక్కువగా కట్టుకునే వ్యాన్స్ ఆర్‌వీ విమానాలకు చక్రాలు ముడుచుకోవు. బర్ట్ రుటాన్ గీసిన లాంగ్-ఈజీలో ముక్కు చక్రం ఒక్కటే లోపలికి పోతుంది, అదీ హ్యాండిల్ చేత్తో తిప్పితే. స్టెలియో ఫ్రాతి 1950ల్లో రూపొందించిన ఫాల్కోలో కరెంటు మోటారు పని చేస్తుంది. లాన్సెర్ 320, 360 లాంటి ఫైబర్‌గ్లాస్ కిట్లలో హైడ్రాలిక్ పంపు కాళ్లను పైకి నెడుతుంది. నేను చెప్పేది ఈ చివరి రకం గురించి: మూడు చక్రాలు, హైడ్రాలిక్ సిలిండర్లు, కాలుకు రాడ్లతో కట్టిన డోర్లు. సూత్రం మిగతావాటికీ అదే. కొలతల విషయంలో మాత్రం మీ కిట్ మాన్యువల్ చెప్పిందే వేదం. నా అంకెలకీ దానికీ తేడా వస్తే నావి పక్కన పెట్టేయండి.

డోర్ గాల్లో ఎందుకు తెరుచుకుంటుంది

చిన్న లెక్క వేద్దాం. సముద్ర మట్టం దగ్గర 200 నాట్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 6,480 న్యూటన్లు, అంటే సుమారు 660 కిలోల బరువంత. డోర్ సైజు 25 సెంటీమీటర్లు × 40 సెంటీమీటర్లు అనుకోండి, 0.1 చదరపు మీటరు. చక్రాల గూడు లోపలి గాలికీ బయట జారిపోయే గాలికీ మధ్య తేడా ఆ ఒత్తిడిలో 30 శాతం ఉందనుకున్నా, డోర్‌ను బయటికి లాగే బలం 20 కిలోల దాకా వస్తుంది. మీరు నేల మీద రెండు వేళ్లతో నొక్కి "బాగానే ఉంది" అన్న డోర్‌కు గాల్లో పడేది అదీ. కాబట్టి మూసుకున్న డోర్‌లో కొంత ముందస్తు బిగువు ఉండాలి. ఆ బిగువు ఎంత అన్నదే ఈ పనంతా.

1. పానా ముట్టుకోకముందు

ఇప్పుడున్న స్థితి రాసుకోండి. ప్రతి రాడ్ పొడవు, ఒక బోల్టు రంధ్రం మధ్య నుంచి రెండో దాని మధ్య వరకు, వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. జామ్ నట్ (రాడ్ చివర తిరగకుండా బిగించే నట్టు) బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. డోర్ అంచు చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, నాలుగు మూలల్లోనూ సందు ఎంతుందో టేపు మీదే రాయండి. ఫోన్‌తో ఫోటోలు తీయండి. ఇది విసుగు పుట్టించే పనే. కానీ రాత్రి తొమ్మిదింటికి "పొద్దున ఎలా ఉందో అలా పెట్టేస్తే చాలు" అనిపించే ఘడియ ఒకటి కచ్చితంగా వస్తుంది. అప్పుడు ఈ కాగితమే దిక్కు.

2. జాకీల మీదికి

రెక్కల కింద జాకీ పాయింట్ల దగ్గర ఎత్తండి. ముక్కు చక్రం లేవడానికి తోక కొక్కేనికి బరువు కట్టండి. ఆ బరువు నేల మీద కూర్చోబెట్టి ఉండాలి, గాల్లో ఊగకూడదు. టైర్లు నేలకు తగలకుండా తిరిగేంత ఎత్తు కావాలి. బ్యాటరీ మీద ఆధారపడకుండా బయటి నుంచి కరెంటు ఇవ్వండి. నీరసించిన బ్యాటరీతో పంపు నెమ్మదిగా తిరిగి, లేని తప్పు ఉన్నట్టు చూపిస్తుంది.

ఇద్దరు ఉండాలి. కాక్‌పిట్‌లో ఒకరు, బయట ఒకరు. బయటి మనిషి "చేతులు బయటే" అని పైకి అరిచాకే లోపలి మనిషి గేర్ లివర్ తాకాలి. గూట్లో చెయ్యి ఉన్నంతసేపూ పంపు బ్రేకర్ (లాగితే పంపుకు కరెంటు ఆపే బటన్) లాగి ఉండాలి. హైడ్రాలిక్ సిలిండర్‌కు వేలికీ రాడ్‌కీ తేడా తెలియదు. మా హ్యాంగర్‌లో బ్రేకర్ లాగినప్పుడు కారు తాళాలు తెచ్చి ఆ బ్రేకర్‌కే తగిలించేవాళ్లం. తాళాల యజమాని గూట్లోంచి బయటికి వచ్చి తీసుకునేదాకా అవి అక్కడే.

3. డోర్లు విప్పేసి కాళ్లను మాత్రమే ఆడించండి

చాలామంది దాటేసేది ఇదే. నేను ఎక్కువ సమయం పెట్టేదీ ఇక్కడే.

డోర్ రాడ్లన్నీ కాలు వైపు విప్పి, డోర్లను టేపుతో పక్కకు కట్టేయండి. సిస్టంలో ఒత్తిడి వదిలేసి, ఒక్కో కాలును చేత్తో మెల్లగా పైకి తీసుకెళ్లండి. ఎక్కడా పట్టేయకూడదు, గొట్టాలు ఒరుసుకోకూడదు. పైకి వెళ్లాక కాలును పట్టుకుని అటూ ఇటూ ఊపండి. పివట్ (కాలు తిరిగే ఇరుసు) దగ్గర బుష్ అరిగి కాలు ఆడుతుంటే డోర్ సర్దడం ఆపి ముందు బుష్ మార్చండి. కాలు 2 మిల్లీమీటర్లు ఆడితే, దాని చివర వేలాడే డోర్ ఎంత ఆడుతుందో చెప్పక్కర్లేదు.

తర్వాత పంపుతో లేపండి. కాలు పైన స్టాప్‌కు (దాన్ని ఆపే గట్టి అడ్డుకు) తగిలి ఆగాలి. తగిలిందా లేదా అన్నది కంటితో తేల్చకండి. స్టాప్ మీద శనగగింజంత ప్లాస్టిసిన్ (పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టి) ముద్ద పెట్టి లేపి, దించి చూడండి. కాగితంలా నలిగితే తగిలినట్టు. బొద్దుగా మిగిలితే కాలు అక్కడిదాకా రాలేదు. లివర్ ఎత్తినప్పటి నుంచి పంపు ఆగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. నా విమానంలో డోర్లు లేకుండా 6 సెకన్లు. ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

ఇంకో సంగతి. ఇలాంటి సిస్టంలలో చాలావాటికి కాళ్లను పైన పట్టి ఉంచే కొక్కేలు ఉండవు, ఒత్తిడే పట్టి ఉంచుతుంది. ఎక్కడో సీల్ నుంచి ఒత్తిడి కారితే కాలు కొద్దిగా దిగుతుంది, డోర్ నోరు తెరుస్తుంది, పంపు మళ్లీ ఓసారి గుర్రుమంటుంది. మీ డోర్ కాసేపు మూసుకుని కాసేపు తెరుచుకుంటోందంటే రాడ్ పొడవు తప్పు కాదు. జాకీల మీదే గేర్ పైకెత్తి ఓ అరగంట వదిలేసి, పంపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. మాటిమాటికీ తిరుగుతుంటే సీల్ వెతుక్కోండి, డోర్ జోలికి పోకండి.

ముక్కు చక్రం దగ్గర ఇంకొకటి చూడాలి. విమానం లేచి స్ట్రట్ (కాలులోని షాక్ అబ్జార్బర్) పూర్తిగా సాగినప్పుడు చక్రం తనంతట తాను నిటారుగా రావాలి. ఐదారు డిగ్రీలు వంకరగా లోపలికి వెళ్తే టైరు ఒక డోర్ రాడ్‌ను తన్నేస్తుంది.

4. డోర్‌ను విడిగా చూడండి

ఇప్పుడు డోర్‌ను రాడ్ లేకుండా చేత్తో మూయండి. దాని బరువుకే తిరిగేంత వదులుగా హింజ్ ఉండాలి. అంచు ఎక్కడైనా ఒరిస్తే, వానాకాలంలో ఉబ్బిన తలుపును వడ్రంగి చిత్రిక పట్టినట్టు, రుద్దాల్సిన చోటే రుద్దండి. చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు నాకు నచ్చుతుంది. పెయింట్ ఇంకా వెయ్యకపోతే దాని మందం కూడా కలుపుకోవాలి. ముందు అంచు విమానం ఒంటికి సమంగానో వెంట్రుకవాసి లోపలికో ఉండాలి. అది బయటికి పొడుచుకొస్తే గాలి దాని కింద దూరి ఎత్తేస్తుంది. వెనక అంచు అర మిల్లీమీటరు బయటికున్నా ఫరవాలేదు.

డోర్ మధ్యలో గట్టిగా లాగితే మూలలు బయటికి వాలుతున్నాయా? అయితే డోర్ మెత్తగా ఉంది. దాన్ని ఏ రాడ్డూ బాగు చేయలేదు. లోపలి వైపు ఒక పక్కటెముక కట్టి, దాని మీద రెండు పొరల ఫైబర్‌గ్లాస్ పరిచి గట్టిపరచాలి.

టైరుకూ రాడ్లకూ మధ్య ఖాళీ కూడా ఇప్పుడే చూడాలి. టైరు మీద నాలుగు చోట్ల ప్లాస్టిసిన్ ముద్దలు పెట్టి కాలు లేపండి. 12 మిల్లీమీటర్లకు తక్కువ మిగిలితే నాకు నిద్ర పట్టదు. తిరుగుతున్న టైరు కొంచెం ఉబ్బుతుంది. వెనక చక్రాలను గేర్ ఎత్తేముందు బ్రేకు నొక్కి ఆపొచ్చు, ముక్కు చక్రానికి బ్రేకే ఉండదు. టైరు కొత్తదైతే గాలి కొట్టి ఒక రోజు ఆగండి. నైలాన్ పోగులు మొదటి 24 గంటల్లో సాగుతాయి.

5. రాడ్ పొడవు: అర చుట్టు అంటే ఎంత

10-32 మర (అంగుళానికి 32 చుట్లు) ఉన్న రాడ్ ఎండ్ (రాడ్ చివర బాల్ ఉన్న ముక్క) ఒక చుట్టు తిప్పితే అంగుళంలో 32వ వంతు, అంటే 0.8 మిల్లీమీటరు కదులుతుంది. వినడానికి ఏమీ లేదు. కానీ రాడ్ డోర్‌ను పట్టుకునేది హింజ్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో, డోర్ అంచు ఉండేది 25 సెంటీమీటర్ల దూరంలో అయితే, ఆ 0.8 అంచు దగ్గరికి వచ్చేసరికి 4 మిల్లీమీటర్లు అవుతుంది. రెండు చుట్లంటే 8. అందుకే ఒకసారికి అర చుట్టు, అంతే.

పద్ధతి ఇది. గేర్ దించండి, బ్రేకర్ లాగండి. డోర్ వైపు బోల్టు తీసి రాడ్ ఎండ్‌ను అర చుట్టు తిప్పండి. బాల్ రంధ్రం మళ్లీ బ్రాకెట్‌కు ఎదురుగా వస్తుంది. బోల్టు దూర్చి నట్టు చేత్తో పట్టించండి. ఒత్తిడి వదిలేసి ఉండగా కాలును చేత్తోనే పైదాకా తీసుకెళ్లండి. పంపు అప్పుడే వద్దు. పంపుకు కళ్లు లేవు, మీ చేతికి ఉన్నాయి. ఎక్కడ బరువెక్కిందో మణికట్టుకు తెలిసిపోతుంది.

రాడ్‌కు రెండు వైపులా కుడి మరలే ఉంటే ఇలా విప్పక తప్పదు. ఒక వైపు ఎడమ మర ఉంటే రాడ్‌ను ఉన్నచోటే తిప్పొచ్చు. సుఖమే, కానీ ఎంత తిప్పామో మర్చిపోవడమూ అంతే సుఖం. రాడ్ మీద స్కెచ్ పెన్నుతో పొడుగ్గా ఒక గీత గీసుకోండి.

రాడ్‌ను పొడుగు చేస్తుంటే మరలు లోపల ఎంత మిగిలాయో చూడాలి. చాలా రాడ్లకు పక్కన సన్నని చూపు రంధ్రం ఉంటుంది. అందులో సేఫ్టీ వైరు గుచ్చండి. అడ్డు తగిలితే మర చాలినంత ఉన్నట్టు. వైరు అవతలికి దూసుకుపోతే ఆ రాడ్ పొట్టిది. సర్దుబాటు అయిపోయింది, పొడుగుది చేయించుకోవాలి.

ముక్కు దగ్గర రెండు రెక్కల డోర్లుండి, ఒకదాని అంచు రెండోదాని మీదికి వచ్చేలా ఉంటే వరస కూడా కుదరాలి. లోపలి పెదవి ఉన్నది ముందు మూసుకోవాలి. దాని రాడ్‌ను అర చుట్టు పొట్టి చేసి, రెండోదాన్ని అర చుట్టు వదిలితే సాధారణంగా కుదురుతుంది. తారుమారైతే రెండు రెక్కలూ ఒకదాన్నొకటి కరుచుకుని, దించేటప్పుడు తెరుచుకోవు. ఇది అందానికి సంబంధించిన తప్పు కాదు.

6. బిగువు ఎంత

ఇప్పుడు నా కథ. మొదటి ఏడాది కుడి డోర్ గాల్లో తెరుచుకుంటోందని రాడ్‌ను రెండు చుట్లు పొట్టి చేశాను. పంపు కొట్టింది, డోర్ టప్‌మని మూసుకుంది. సందు లేదు, గోరు దూరదు. ఫోటో తీసి అందరికీ పంపాను కూడా. పది గంటలు ఎగిరాక, ఓ శనివారం డోర్ లోపల టార్చి వేసి చూస్తే, బ్రాకెట్ అంటించిన చోట రెసిన్ తెల్లబారి, చుట్టూ వెంట్రుకంత చీలిక. వేలితో నొక్కితే కిర్రుమంది. అప్పుడు స్టాప్ మీద ప్లాస్టిసిన్ పెట్టి చూశాను. ముద్ద ముద్దలాగే ఉంది. కాలు స్టాప్‌కు తగలడమే లేదు. డోరే స్టాప్ అయి కూర్చుంది. స్టాప్ మొయ్యాల్సిన సిలిండర్ బలమంతా పది గంటలుగా ఆ సన్నని రాడ్ మీదా, జిగురుతో అంటించిన బ్రాకెట్ మీదా ఉంది.

కాబట్టి బిగువుకు రెండు హద్దులు. కింది హద్దు గాలి బలం, పై హద్దు కాలు స్టాప్‌కు తగలడం. రెండూ కొలవొచ్చు.

పై హద్దుకు ప్లాస్టిసిన్ పరీక్ష మళ్లీ చేయండి, ఈసారి డోర్లు కట్టి. ముద్ద ఇంతకుముందులాగే కాగితంలా నలగాలి. పంపు సమయమూ చూడండి. నాది 6 సెకన్ల నుంచి 7కి పెరిగింది, సరే. ఎక్కువ తక్కువలు ఎటు వచ్చినా అనుమానించండి. మామూలు కంటే ముందే ఆగిందంటే డోర్ అడ్డుపడి ఒత్తిడి తొందరగా పెరిగిందని అర్థం.

కింది హద్దుకు ముందు కాగితం. ఫ్రిజ్ డోర్ రబ్బరు చూసినట్టే: డోర్ అంచులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగండి. చుట్టూ ఒకే పట్టుతో రావాలి. ఒక మూల ఊరికే జారిపోతే అక్కడ వదులు. తర్వాత సూట్‌కేసులు తూచే చేతి తూకం తెచ్చుకోండి. ఇండియా ప్రయాణాల పుణ్యమా అని అమెరికాలో మన ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. డోర్ బయటి అంచుకు బలమైన టేపుతో ఒక లూపు అంటించి, తూకం తగిలించి కిందికి లాగండి. గాలి బలం డోరంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి, పైన లెక్కేసిన 20 కిలోలకు అంచు దగ్గర 10 కిలోలు లాగితే సమానం. ఆ 10 కిలోలకు అంచు కదలకపోతే, లేదా ఒక మిల్లీమీటరు కదిలి వెనక్కి పోతే మీ పని అయిపోయినట్టే. మీ డోర్ సైజు, మీ వేగం వేసుకుని ఈ అంకె మార్చుకోండి.

రెండు హద్దులూ ఒకేసారి కుదరకపోతే, అంటే 10 కిలోలకు ఆగేంత బిగిస్తే కాలు స్టాప్‌కు రాకపోతే, డోర్ మెత్తగా ఉందనో, బ్రాకెట్ హింజ్‌కు మరీ దగ్గరగా ఉందనో అర్థం. పానా కింద పెట్టి నాలుగో అడుగుకు వెనక్కి వెళ్లండి. అప్పటిదాకా కాలుకే మొగ్గు. 2 మిల్లీమీటర్ల సందుతో ఎగిరితే రెండు నాట్లు పోతాయేమో. ఇరుక్కున్న కాలుతో దిగితే ప్రొపెల్లరూ ఇంజనూ పోతాయి.

ఈ పని పొద్దున్నే, నీడలో చేసుకోవడం మేలు. ఎండలో కాగిన ఎపాక్సీ డోర్ చూపే సందు, చల్లారాక చూపే సందు ఒకటి కాదు.

7. నట్లు

జామ్ నట్లు బిగించేటప్పుడు రాడ్ ఎండ్ పక్కకు ఒరగకుండా పట్టుకోండి. బాల్ తన గుంటలో రెండు వైపులా సమానంగా వంగాలి. ఏఎన్3 బోల్టుకు (10-32 మర ఉన్న విమాన బోల్టు) మామూలు నట్టుతో టార్క్ (బిగించే బలం) 20 నుంచి 25 అంగుళం-పౌండ్లు, పలుచని షియర్ నట్టుతో 12 నుంచి 15. సెల్ఫ్ లాకింగ్ నట్టు అయితే, అది ఊరికే తిరగడానికి పట్టే టార్క్ కూడా కలపాలి. బోల్టే తిరిగే జాయింట్‌లో సెల్ఫ్ లాకింగ్ నట్టు వద్దు, కాసిల్ నట్టు (పైన గాట్లున్న నట్టు) పెట్టి కాటర్ పిన్ (ఆ గాట్లలోంచి దూర్చి వంచే పిన్ను) వేయండి. రాడ్ ఎండ్‌కు ఒక వైపే ఆసరా ఉన్న చోట, బయటి వైపు వెడల్పు వాషర్ ఉండాలి. బాల్ ఊడినా రాడ్ బోల్టు దాటి పోకుండా అది ఆపుతుంది. అన్నీ అయ్యాక ప్రతి నట్టు మీదా టార్క్ సీల్ (నట్టు కదిలితే పగిలి చూపించే రంగు) గీత. నెయిల్ పాలిష్ కూడా పని చేస్తుంది, ఇంట్లో అడిగి తెచ్చుకోండి.

8. పంపుతో, తర్వాత పంపు లేకుండా

గేర్ పదిసార్లు లేపి దించండి. ప్రతిసారీ దించాక మూడు పచ్చ లైట్లు (ఒక్కో కాలు కింద లాక్ అయిందని చెప్పేవి) రావాలి. రాడ్లు కదిలించినప్పుడు దగ్గరున్న మైక్రో స్విచ్ వైరు జరిగి ఉండొచ్చు. ఒక్కసారి లైటు తడబడినా ఎందుకో తేల్చాలి.

తర్వాత అసలు పరీక్ష. గేర్ పైన ఉండగా పంపు బ్రేకర్ లాగి, ఎమర్జెన్సీ వాల్వ్ తెరవండి. కాళ్లు తమ బరువుకూ స్ప్రింగులకూ కిందికి వచ్చి లాక్ అవ్వాలి. కొత్తగా బిగించిన డోర్ ఏ కాలునైనా ఒక్క క్షణం పట్టి వదిలినట్టు కనిపించిందంటే, మూడు లైట్లు వెలిగినా సరే, బిగువు అర చుట్టు తగ్గించండి. వెనక్కి ముడుచుకునే ముక్కు చక్రం గాల్లో ఎదురుగాలిని తోసుకుంటూ దిగాలి. జాకీల మీద ఉన్న వెసులుబాటు దానికి అక్కడ ఉండదు. ఇది మూడుసార్లు చేస్తాను. మూడోసారి నా పక్కనున్నవాళ్లు విసుక్కుంటారు.

9. గాల్లో

గాలి లేని పొద్దున, ఎయిర్‌పోర్టు పైనే, ఎత్తు బాగా తీసుకుని. పొట్ట కింది కొక్కేనికి చిన్న కెమెరా కట్టాను, డోర్ తిరిగే దారికి దూరంగా. గేర్ ఎత్తే వేగం హద్దుకు బాగా కిందనే మొదటిసారి లేపండి, అక్కడే ఒకసారి దించి మూడు పచ్చలు చూసుకోండి. మళ్లీ లేపి 120, 150, 180 నాట్లు, ఒక్కో మెట్టులో రెండు నిమిషాలు. గుండెదడ ఉంటుంది, సహజమే. కొత్త శబ్దం గానీ, పాదాల కింద సన్నని వణుకు గానీ వస్తే వేగం తగ్గించి వచ్చేయండి, వీడియో కింద చూసుకోవచ్చు.

దిగాక గుడ్డ పట్టుకుని డోర్ల కింద పడుకోండి. అంచు వెంట మురికి గీత సన్నగా, ఒకేలా ఉంటే డోర్ మూసుకునే ఉంది. ఒక మూల విసనకర్రలా పరుచుకుంటే గాలి అక్కడి నుంచి కారుతోంది. బ్రాకెట్ల చుట్టూ టార్చి వేసి రెసిన్ తెల్లబారిందేమో చూడండి. ఐదు గంటలు ఎగిరాక ఒకసారి, పాతిక గంటలకు ఒకసారి మళ్లీ చూడండి. రాడ్ల కొత్త పొడవులు, పంపు సెకన్లు, తూకం అంకె లాగ్‌బుక్‌లో రాసుకోండి. నా లాగ్‌బుక్‌లో ఆ పేజీ మీద కుడి డోర్ పేరు పక్కన చిన్న ప్లాస్టిసిన్ మరక ఇప్పటికీ ఉంది.